తుని తగవు కాని తిండి లెక్క

తిండి గురించి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: కడుపు నిండిందా? ఆ ఒక్క మాట వెనుక ఎన్నో తరాల ఆకలి ఉంది. పాత గింజ అయిపోయి, కొత్త గింజ చేతికి రాని వానాకాలపు నెలల్లో అడవి దుంపలు తవ్వుకుని, మామిడి టెంక పిండితో అంబలి కాచుకుని బతికినవాళ్ళ ప్రశ్న అది. చదువుకున్న మన తరం దగ్గరికి వచ్చేసరికి దానికి మరో రెండు ప్రశ్నలు తోడయ్యాయి. ఈ తిండి ఒంటికి మంచిదేనా? ఇది పండిన నేలకూ నీటికీ అడవికీ మంచిదేనా? ఈ రెండింటినీ కలిపి ఒకే లెక్కగా తేల్చవచ్చా, తేలిస్తే ఆ లెక్క ఎవరి పక్షాన నిలబడుతుంది అన్నదే మేం ఇక్కడ ఆలోచించదలచిన సంగతి.

దీన్ని ఆలోచించడానికి తుని కన్నా మంచి చోటు మనకు దొరకదు. తుని కొండకూ సముద్రానికీ మధ్య గుమ్మం లాంటి ఊరు. కొండల్లోంచి వచ్చే తాండవ నది తునినీ పాయకరావుపేటనూ విడదీస్తూ వెళ్ళి సముద్రంలో కలుస్తుంది. చెన్నై నుంచి హౌరా పోయే రైలు మార్గం, 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతాయి. రౌతులపూడి, కోటనందూరు, శంఖవరం వైపు కొండ ఊళ్ళ నుంచి జీడిపిక్కలు, చింతపండు, మామిడికాయలు, అడ్డాకులు, కొండ చీపుర్లు కిందికి దిగుతాయి. బియ్యం, నూనె ప్యాకెట్లు, ఎండు చేపలు, కూల్ డ్రింకులు, చిప్స్ పొట్లాలు పైకి ఎక్కుతాయి. ఏది దిగుతోంది, ఏది ఎక్కుతోంది అని ఒక సంతరోజు నిలబడి చూస్తే చాలు, తిండి లెక్క సగం అర్థమవుతుంది.

మిగతా సగం కోసం బయటి ప్రపంచంలో శాస్త్రవేత్తలు ఏం చేస్తున్నారో చూద్దాం. 2018లో ఇద్దరు పరిశోధకులు 119 దేశాల్లోని 38 వేలకు పైగా పొలాల వివరాలు కూర్చి, ఏ తిండి పండించడానికి భూమికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టారు. మనుషుల వల్ల భూమిని వేడెక్కించే వాయువుల్లో నాలుగో వంతుకు పైగా తిండి వ్యవహారం నుంచే వస్తున్నాయని తేలింది. మాంసం కోసం పెంచిన పశువు నుంచి వంద గ్రాముల ప్రోటీన్ పొందడానికి సగటున 50 కిలోల వాయువులు గాలిలో కలుస్తుంటే, అంతే ప్రోటీన్ బఠాణీ నుంచి పొందడానికి అర కిలో కూడా కలవడం లేదు. ఆ మరుసటి ఏడు ఈట్-లాన్సెట్ సంఘం మనిషి ఆరోగ్యం, భూమి ఆరోగ్యం రెండూ నిలబడేలా రోజుకు ఏది ఎన్ని గ్రాములు తినాలో ఒక పట్టిక ఇచ్చింది. 2021లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు ముందుకు వేశారు. అమెరికన్లు తినే 5,800కు పైగా పదార్థాలను తీసుకుని, ఒక్కోటి ఆరోగ్యంగా బతికే కాలాన్ని ఎన్ని నిమిషాలు పెంచుతుందో, ఎన్ని నిమిషాలు తగ్గిస్తుందో చెప్పారు. పక్కనే అది భూమికి చేసే చేటు కూడా రాశారు. రెండూ కలిపి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేశారు. వాళ్ళ లెక్కలో ఒక హాట్ డాగ్, అంటే రొట్టె మధ్య పెట్టిన శుద్ధిచేసిన మాంసం, 36 నిమిషాలు తీసేస్తుంది. గుప్పెడు జీడిపప్పు, బాదం లాంటి గింజలు 26 నిమిషాలు కలుపుతాయి.

ఈ పనిని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఇందులో మనకు పనికొచ్చే మాటలు మూడున్నాయి. మొదటిది, చాలా సందర్భాల్లో ఒంటికి మంచిదే భూమికీ మంచిది. పప్పులు, చిరుధాన్యాలు, ఆకుకూరలు, దుంపలు రెండు పరీక్షల్లోనూ నెగ్గుతాయి. కంది, అలసంద, అనుము మొక్కల వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. మనవాళ్ళు చోడి మధ్య కంది, దాని పక్కన అలసంద చల్లింది ఈ శాస్త్రం చదివి కాదు, కానీ పని అదే. రెండోది, ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి. చక్కెర నీళ్ళలాంటి కూల్ డ్రింకు తయారీకి భూమి మీద పడే భారం తక్కువే, ఒంటి మీద పడే భారం మాత్రం ఎక్కువ. అంటే ఒక పరీక్షలో నెగ్గినంత మాత్రాన రెండోదానిలో నెగ్గినట్టు కాదు. మూడోది మనలో చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. తిండి వల్ల వచ్చే వాయువుల్లో లారీలు, రైళ్ళ రవాణా వాటా పదో వంతు కూడా ఉండదు. దగ్గరలో పండింది కాబట్టి మంచిది, దూరం నుంచి వచ్చింది కాబట్టి చెడ్డది అని తేల్చేయడం కుదరదు. ఎక్కడ పండింది అన్నదానికన్నా ఏం పండింది, ఎలా పండింది అన్నది ముఖ్యం.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆకుపచ్చ రంగు వేసిన ఆ గుప్పెడు జీడిపప్పును మన కొండ మీద పెట్టి చూద్దాం.

జీడిమామిడి చెట్టుకు నీళ్ళు అంతగా అక్కర్లేదు. వాలు నేలను పట్టి ఉంచుతుంది. అందుకే మన కొండల్లో పోడు భూముల్లోకి అది వచ్చింది, ప్రభుత్వమే మొక్కలు పంచింది. నాటిన మొదటి కొన్నేళ్ళు వరసల మధ్య చోడి, కంది పండుతాయి. కొమ్మలు కలిసిపోయి నీడ కమ్మేశాక కింద ఏదీ పండదు. అప్పటినుంచి ఆ భూమిలో తిండి లేదు, సరుకు ఉంది. ఆ సరుకు వేసవిలో ఒక్కసారి వస్తుంది. ముందే అప్పు ఇచ్చిన షావుకారు చెప్పిందే ధర. పిక్క కొండ దిగుతుంది, దాన్ని ఒలిచి పప్పుగా మార్చే లాభం మోరి, పలాస లాంటి చోట్లకు పోతుంది. అక్కడ ఒలిచేది కూడా ఎక్కువగా పేద ఆడవాళ్ళే. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళు నల్లబడి పుండ్లు పడతాయి. కమలాపండు కన్నా ఎక్కువ సి విటమిన్ ఉండే జీడిమామిడి పండు మాత్రం చెట్టు కిందే కుళ్ళిపోతుంది. కేరళలోని కాసరగోడు జిల్లాలో జీడితోటల మీద ఇరవై ఏళ్ళకు పైగా ఎండోసల్ఫాన్ మందును హెలికాప్టర్లతో చల్లారు. కింద ఊళ్ళలో పిల్లలు వైకల్యాలతో పుట్టారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును నిలిపివేసేదాకా ఆ పోరాటం సాగింది.

ఎక్కడో ఒక పట్నంలో తిన్నవాడికి 26 నిమిషాలు కలిశాయి. నిజమే. ఒలిచిన చెయ్యికి ఎన్ని నిమిషాలు పోయాయి? చోడి పండే నేల పోగొట్టుకుని రేషను బియ్యం మీద ఆధారపడ్డ ఇంట్లో బిడ్డకు ఎన్ని పోయాయి? ఆ పట్టికలో ఆ గడి లేదు. అది తినేవాడి ఒంటినీ, భూమినీ చూస్తుంది. మధ్యలో ఉన్న మనిషి దానికి కనపడడు.

మన ప్రాంతంలో తుని తగవు అనే మాట ఉంది. ఎవరిది న్యాయమో తేల్చకుండా ఇద్దరికీ చెరిసగం అని చెప్పి పంపేసే తీర్పు అన్న అర్థంలో వాడతారు. ఒంటికి ఇన్ని మార్కులు, భూమికి ఇన్ని మార్కులు అని కలిపి సగటు తీసి ఒక రంగు వేయడం కూడా ఒక రకంగా తుని తగవే అవుతుందని మా భయం. ఎందుకంటే కలిపేటప్పుడు మనం ఒక విషయం మరచిపోతాం. నా ఒంటి లాభానికీ నా ఒంటి నష్టానికీ మధ్య నేను బేరం చేసుకోవచ్చు. పండుగనాడు రెండు అరిసెలు ఎక్కువ తిని మరునాడు అంబలితో సరిపెట్టుకోవచ్చు. ఆ లాభం నాదే, ఆ నష్టం నాదే. కానీ నా లాభాన్నీ నీ నష్టాన్నీ ఒకే తక్కెడలో వేసి "మొత్తం మీద లాభమే" అనే హక్కు నాకు లేదు. నష్టపోయే మనిషిని అడగాలి, ఆ మనిషి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నందుకు తగింది ఇవ్వాలి. ఈ మూడూ జరగనప్పుడు ఎంత మంచి సగటు అయినా అన్యాయాన్ని కప్పే దుప్పటే.

దీనికి ఒక ఎదురు వాదం ఉంది, దాన్ని వినాలి. అన్నీ విడివిడిగా పెట్టుకుని కూర్చుంటే నిర్ణయం ఎలా తీసుకుంటాం? రేషను డిపోలో ఏం ఇవ్వాలి, బడిలో ఏం వండాలి అన్నది ఎవరో ఒకరు తేల్చాలి కదా? తేల్చాలి. నిర్ణయం వద్దని మేం అనడం లేదు. నిర్ణయం పక్కన దాని వల్ల ఎవరికి ఏం పోయిందో కూడా రాసిపెట్టాలి అంటున్నాం. రాసి ఉన్న నష్టాన్ని ఎవరో ఒకరు తీర్చాల్సి వస్తుంది. సగటులో కలిసిపోయిన నష్టాన్ని ఎవరూ తీర్చరు.

బియ్యం సంగతే తీసుకుందాం. ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట గోదావరి డెల్టాను వరి సీమగా మార్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ బియ్యం కొండెక్కాక మన ఆకలి నెలలు చాలా మటుకు పోయాయి. ఇది చిన్న విషయం కాదు, టెంక పిండి అంబలి తాగి జబ్బుపడ్డ ఊళ్ళకు దాని విలువ తెలుసు. అయితే అదే బియ్యం రెండో వైపు కూడా చూపించాలి. ఒక కిలో బియ్యానికి సుమారు 2,500 లీటర్ల నీరు కావాలి. నిలవ నీటిలో పెరిగే వరి పొలం నుంచి మీథేన్ వాయువు వస్తుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతో పాటే పోషకాలూ పోతాయి. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం వంద గ్రాముల చోడిలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దగ్గరలో ఉంటే, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. ఇనుము కూడా చోడిలోనే ఎన్నో రెట్లు ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63 శాతానికి, ఆడవాళ్ళలో 59 శాతానికి దగ్గరగా రక్తహీనత ఉందని తేలింది. కడుపు నిండింది, రక్తం నిండలేదు.

మరైతే మనవాళ్ళు చోడి, సామ, కొర్ర ఎందుకు వదిలేశారు? తెలివి లేక కాదు. ఇక్కడ పాతదంతా బంగారం అనే మాటను కాస్త పక్కన పెట్టాలి. చోడిని తిరగలిలో విసిరితే పిండి అవుతుంది. సామలు, కొర్రలు అలా కాదు, రోట్లో దంచి, చెరిగి, మళ్ళీ దంచి పొట్టు తీయాలి. ఆ రోకలి ఎత్తింది మన అమ్మలు, అమ్మమ్మలు. పొలం పని, కట్టెలు, గెడ్డ నుంచి నీళ్ళు అన్నీ అయ్యాక తెల్లవారుజామున ఆ దంపుడు. కిలో రెండు రూపాయలకు పొట్టు తీసిన బియ్యం వస్తే ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆ చేతుల నొప్పి లెక్కలో వేయకుండా "పూర్వం మంచి తిండి తినేవాళ్ళం" అని మగవాళ్ళు చెప్పుకుంటే అది కూడా తుని తగవే. పోడు గురించీ అంతే నిజాయితీగా మాట్లాడాలి. కొట్టిన కొండను పదేళ్ళకు పైగా విడిచిపెట్టి అడవి తిరిగి పెరగనిచ్చిన రోజుల పోడు వేరు. భూమి తగ్గి, రెండు మూడేళ్ళకే మళ్ళీ అదే వాలును కాల్చాల్సి వచ్చిన పోడు వేరు. రెండోదానిలో మన్ను గెడ్డలోకి పోతుంది. ఆ భూమి తగ్గిపోవడం వెనుక 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి నడిచిన కథ ఉంది. మన తిండి మీద మన మాట పోవడం కొత్త కాదు. 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను.

ఒంటికి మంచిది అన్నప్పుడు ఎవరి ఒళ్ళు అని కూడా అడగాలి. మిషిగన్ లెక్క అమెరికన్ పెద్దలకు వచ్చే గుండె జబ్బులు, మధుమేహం, క్యాన్సర్లను దృష్టిలో పెట్టుకున్న లెక్క. అక్కడ మాంసం తగ్గించమనడం సరైన మాటే. ఎదుగుతున్న, రక్తం తక్కువున్న మన బిడ్డకు అదే మాట చెబితే అన్యాయం. ఆ బిడ్డకు బడిలో ఇచ్చే గుడ్డు కావాలి, అప్పుడప్పుడు కోడికూర కావాలి. తొండంగి తీరం నుంచి తుని మీదుగా మన సంతలకు వచ్చే ఎండు నెత్తళ్ళు కావాలి. ముల్లుతో సహా తినే ఆ చిన్న చేపలో కాల్షియం ఉంది, ప్రోటీన్ ఉంది. సముద్రంలో గుంపుగా దొరికే చిన్న చేప కాబట్టి పట్టడానికి అయ్యే ఇంధనం తక్కువ, చెరువు తవ్వి మేత వేసి పెంచే రొయ్య కన్నా భూమికి భారం తక్కువ. ఇంట్లో రక్తపోటు ఉన్న తాతయ్యకు మాత్రం అందులోని ఉప్పు చేటు. ఒకే గిన్నెలోని కూర ఒకే ఇంట్లో మనవడికి ఆకుపచ్చ, తాతకు ఎరుపు. తిండికి రంగు వేయడం కష్టం అని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక బాధ్యత ఎవరిది? భూమిని కాపాడే తిండి తినండి అని ప్రపంచానికి చెబుతున్నారు. ఈట్-లాన్సెట్ పట్టిక ప్రకారం తినాలంటే కనీసం 158 కోట్ల మందికి కొనే స్తోమత లేదని 2020లో మరో అధ్యయనం చెప్పింది. కొనలేని మనిషికి ఎంచుకోలేదన్న నింద వేయడం ధర్మం కాదు. ఎంత స్వేచ్ఛ ఉంటే అంత బాధ్యత అన్నది మా అభిప్రాయం. ఏసీ గదిలో నాలుగు రకాల మాంసం ముందు పెట్టుకున్నవాడి బాధ్యత, డిపో ముందు సంచి పట్టుకుని నిలబడ్డ తల్లి బాధ్యత ఒకటి కాదు. డిపోలో ఏం ఉంచాలో తేల్చే ప్రభుత్వం బాధ్యత అన్నిటికన్నా పెద్దది. అయితే మనకు బాధ్యతే లేదని అనుకుంటే అదీ తప్పే. అయిదు రూపాయల చిప్స్ పొట్లం, పది రూపాయల కూల్ డ్రింకు కొనే చోట మనకు స్వేచ్ఛ ఉంది. ఆ డబ్బుతో రెండు కోడిగుడ్లో, గుప్పెడు వేరుశనగలో వస్తాయి. ఖాళీ పొట్లం గెడ్డలోకి పోకుండానూ ఉంటుంది.

మార్పు రాదని నిరాశ పడక్కర్లేదు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, ఆదివాసీ రైతుల నుంచి చోడి కొని, రేషనులోనూ అంగన్‌వాడీల్లోనూ పెట్టింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడు మార్చి 21న మన రాష్ట్రంలోని బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలైంది. 2024-25లో క్వింటాలు సాధారణ వరికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర 2,300 రూపాయలు, చోడికి 4,290 రూపాయలు. ధర ప్రకటించడం వేరు, సంతకు వచ్చి ఆ ధరకు కొనడం వేరు. జావలో పడే పిండి మన కొండ చోడి అయినప్పుడు, సామలు పొట్టు తీసే చిన్న మర ప్రతి పంచాయతీలోనూ ఉన్నప్పుడు, జీడిపిక్కను మనవాళ్ళే చేతి తొడుగులతో, సంఘంగా ఒలిచి అమ్ముకున్నప్పుడు ఒళ్ళు, భూమి, చెయ్యి మూడూ ఒక వైపుకు వస్తాయి. అప్పుడు బేరమే అక్కర్లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. ఒక వారం పాటు పిల్లల చేత నోటు పుస్తకంలో నాలుగు గళ్ళ పట్టిక రాయించండి. తిన్నది ఏదైనా సరే, మొదటి గడిలో ఇది ఎవరి ఒంటికి ఏం చేస్తుంది అని రాయాలి. రెండో గడిలో నేలకు, నీటికి, అడవికి ఏం చేసింది. మూడో గడిలో ఇది మన ముందుకు రావడానికి ఎవరి చేతులు పనిచేశాయి, వాళ్ళకు ఏం దక్కింది. నాలుగో గడిలో ఇది తినాలని ఎవరు నిర్ణయించారు: మనమా, అంగడివాడా, ప్రభుత్వమా? వారం చివర ఆ గళ్ళను కలపకండి. మార్కులు వేయకండి. చదివి వినిపించి, ఎక్కడెక్కడ ఒకరి లాభం ఇంకొకరి నష్టం అయిందో పిల్లల్నే చెప్పమనండి. ఇందులో గణితం ఉంది, సైన్సు ఉంది, సాంఘికశాస్త్రం ఉంది. నాలుగో గడి చాలా ఇళ్ళలో ఒకేలా ఉందని పిల్లలు గమనిస్తే, దాని గురించి గ్రామసభలో ఎలా అడగాలో కూడా మాట్లాడుకోవచ్చు.

కడుపు నిండిందా అని పెద్దవాళ్ళు అడిగిన ప్రశ్నను మనం వదులుకోవద్దు. దాని పక్కన ఎవరి కడుపు, దేనితో నిండింది, ఎవరి చేతుల మీదుగా, ఏ నేల ఖర్చు మీద అని కూడా చేర్చి అడుగుదాం. జవాబులు నాలుగూ విడివిడిగా కనపడేలా ఉంచుకుందాం. ఒక్క అంకెలో ఇమడనందుకు ఆ లెక్క తప్పు అయిపోదు.